ఎనిమిది మందికి ఒక పళ్ళెం

దువోప్‌ని వాళ్ళమ్మ దారి మీద కన్నది. ఎండాకాలం మందను నీళ్ళ దగ్గరికి తోలుకుపోతుంటే నొప్పులొచ్చాయట. ఆడవాళ్ళు నలుగురు చుట్టూ అడ్డం నిలబడ్డారట, మంద మాత్రం ఆగకుండా సాగిపోయిందట. అందుకని 'దారి' అనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టారు. పెట్టిన వేళావిశేషమేమో గానీ, యాభై ఏళ్ళొచ్చినా మనిషి ఒక్కచోట కుదురుగా ఉన్నది లేదు. మీసాలు రాకముందే మొదటి యుద్ధంలో నడిచాడు. సొంత దేశం వచ్చింది కదా అని ఆవుల వెంట నడిచాడు. దేశం వచ్చి రెండేళ్ళు దాటీ దాటకముందే పైవాళ్ళు పోట్లాడుకుంటే మళ్ళీ తుపాకీ భుజాన వేసుకున్నాడు. ఆ పోట్లాటలో తమ్ముడు బీయెల్ పోయాడు, శవం కూడా దొరకలేదు. తర్వాత వరదలో మంద పోయింది. వరద వెనకాలే వచ్చిన జబ్బుతో భార్య పోయింది. మిగిలింది ఇద్దరు. నిర్వాసితుల శిబిరంలో మేనత్త దగ్గర పెరుగుతున్న పదకొండేళ్ళ కూతురు న్యారువాచ్ ఒకతె. బీయెల్ కొడుకు బిదోంగ్ ఒకడు. వాడికి ఇరవై రెండేళ్ళు, ముక్కు మీద కోపం.

రాజధాని జుబాలో పెద్దలు సంతకాలు పెట్టి శాంతి అన్నారు. రెండు పక్షాల సైన్యాలనీ కలిపి ఒకే సైన్యం చేస్తామన్నారు. మూడు నెలల శిక్షణ, ఆ పైన యూనిఫారం, జీతం. పెదనాన్న, కొడుకు ఇద్దరూ లోమురె శిబిరానికి వచ్చి పేర్లు రాయించుకున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు సైన్యానికి సమైక్య దళం అని పేరు మాత్రం ముందే పెట్టేశారు. బట్టలు రాలేదు. బూట్లు రాలేదు. గుడారాలు సగమే వచ్చాయి. తుపాకులు మాత్రం వచ్చిన రోజే తీసేసుకుని ఇనప కంటైనర్‌లో పడేసి రెండు తాళాలు వేశారు, ఒక తాళంచెవి ఈ పక్షానికి, రెండోది ఆ పక్షానికి. కవాతుకి కర్రలు. అవి కూడా ఎవరూ ఇవ్వలేదు, ఎవడి కర్ర వాడే గారచెట్టు కొమ్మ నరికి చెక్కుకున్నాడు. తలలు నెరిసిన మగాళ్ళు కర్రలు భుజాన పెట్టుకుని కుడి ఎడమ అంటూ ఎండలో తిరుగుతుంటే చూడలేక కంచె అవతల మేకలు కాసే ఆడవాళ్ళు నవ్వు ఆపుకునేవారు.

మూడు నెలలు కాస్తా ఏడాదిన్నర అయింది. డబ్బిచ్చే దేశాలు ముందు శాంతి కనిపించాలి, ఆ తర్వాతే ఇస్తాం అన్నాయి. ముందు ఇస్తేనే కదా శాంతి కనిపించేది అన్నారు ఇక్కడివాళ్ళు. జొన్నల లారీ జుబాలో బయల్దేరితే దారిలో ఎవరో ఒకరు కాల్చేవారు. లారీకి కాపలా పంపాలంటే తుపాకులు కావాలి. తుపాకులు బయటికి తీయాలంటే రెండు తాళంచెవులూ ఒక్కచోటికి రావాలి. ఆ తాళంచెవుల వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. కాబట్టి జొన్నలు వచ్చినప్పుడు వచ్చేవి, రానప్పుడు లేవు.

పళ్ళేలకూ కరువే. శిబిరం నడిపే మేజర్ లోకులే దక్షిణాన కొండల వాడు, మంచివాడే, కాకపోతే ప్రతి లోటునీ ఒక నియమంగా మార్చేసే తెలివి ఉన్నవాడు. ఎనిమిది మందికి ఒక పళ్ళెం, అందులో ఈ పక్షం నలుగురు, ఆ పక్షం నలుగురు అని చీటీ రాసి అంటించాడు. "ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టినోళ్ళు ఒకళ్ళ మీదికొకళ్ళు చెయ్యెత్తర్రా," అనేవాడు. కొండల్లో అది నిజమే కావచ్చు.

దువోప్ వాళ్ళలో సంగతి వేరు. వాళ్ళలో ఒకడు ఇంకొకణ్ణి చంపితే ఆ రెండు ఇళ్ళ మధ్యా ఎముక పడింది అంటారు. ఎముక పడ్డాక ఆ ఇంటివాళ్ళూ ఈ ఇంటివాళ్ళూ ఒక పళ్ళెంలో తినకూడదు, ఒక సొరకాయ బుర్రలో నీళ్ళు తాగకూడదు. చంపిన ఇంటివాళ్ళు ఆవులిచ్చి, చిరుతతోలు కప్పుకునే పెద్ద వచ్చి కోయాల్సింది కోసి ఎముక తీసేదాకా అంతే. కాదని తింటే జబ్బు వస్తుంది, రెండు ఇళ్ళూ వల్లకాడవుతాయి. తెలియక తిన్నాం అంటే ఊరుకునే జబ్బు కాదది. మొదటిరోజు పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు ఎనిమిదిమందీ ఇదే మాట తలుచుకుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. చివరికి ఎవరో, "ఇది సర్కారు యుద్ధం, ఇంటి తగువు కాదు. ఎవడి గుండు ఎవడికి తగిలిందో ఎవడు చూశాడు?" అన్నారు. ఆకలి కూడా అదే మాట అంది. అడగాల్సింది అడక్కుండానే తినేశారు. వాళ్ళు చేసిన తప్పు అదొక్కటే.

ఆ పళ్ళెం దగ్గరే లామ్ పరిచయమయ్యాడు. అవతలి పక్షం మనిషే గానీ జాతి ఒకటే, నలభై లోపు, ముగ్గురు పిల్లల తండ్రి. నోరు విప్పితే హాస్యం. దువోప్‌ని 'అన్నా' అని పిలిచేవాడు. గుడారంలో పక్కపక్కనే పడక. "అన్నా, నీ కర్రకి చెద పట్టింది, రేపు శత్రువొస్తే ఏం చేస్తావు?" అనేవాడు. "నిన్ను ముందు నిలబెడతా, నీ వాగుడికి వాడే పారిపోతాడు," అనేవాడు దువోప్. అన్నేళ్ళ తర్వాత దువోప్ నవ్వింది ఆ మనిషి దగ్గరే.

నాలుగో నెలలో కబురొచ్చింది, న్యారువాచ్ జ్వరంతో పోయిందని. పూడ్చిపెట్టేసి వారం అయిందట. దువోప్ ఏడవలేదు, లేవలేదు, నోరు తెరవలేదు. లామ్ నాలుగు రోజులు కవాతు ఎగ్గొట్టి పక్కన కూర్చున్నాడు. జొన్న సంకటి ముద్ద చేసి, బెండకాయ పులుసులో అద్ది, పసివాడికి పెట్టినట్టు నోట్లో పెట్టాడు. "నువ్వు తినకపోతే నేనూ తినను. నా పెళ్ళాం వచ్చి నిన్ను తిడుతుంది, ఆవిడ తిట్లు నీకు తెలీవు," అన్నాడు. దువోప్ మింగాడు. బతికాడు.

రెండో ఏడు వానలకు ముందు ఒక పొద్దున ఇద్దరూ పైకప్పులకి గడ్డి కోస్తున్నారు. పని చేసేటప్పుడు ఆ జాతి మగాళ్ళు తమ ఎద్దు పేరు పిలుచుకుంటారు. యుక్తవయసులో మగాడయ్యాడని నుదుట కత్తితో గీతలు పెట్టినప్పుడు ఇంటివాళ్ళిచ్చిన ఎద్దు, దాని పేరే మనిషికి రెండో పేరు. లామ్ తన ఎద్దు పేరు కేకేసి నడుం సవరించుకున్నాడు.

"నాదేం పేరులే అన్నా! నేను విన్న ఎద్దు పేర్లలో గొప్పది ఇంకోటుంది. కైజియాత్ రేవు దగ్గర విన్నా, యుద్ధం మొదట్లో. మేం ఏడుగురం మందను తోలుకెళ్తుంటే ఒక్కడు అడ్డం నిలబడ్డాడు. వాడి తుపాకీలో గుళ్ళయిపోయినయ్. పారిపోవచ్చుగా? పోలా. ఈటె పైకెత్తి ఎద్దును పిలిచాడు. 'లుథ్‌రియాల్!' అని. ఏటి అవతలికి వినపడుంటది. కాల్చింది నేనే. అప్పుడు ఎన్నో చేశాం, ఏవీ గుర్తులేవు. ఆ కేక మాత్రం చెవిలోంచి పోదు."

లుథ్‌రియాల్ మెడలో గంట ఉండేది, ఒళ్ళంతా నలుపూ తెలుపూ పొడలు. తండ్రి లేడు కాబట్టి బీయెల్‌కి ఆ ఎద్దునిచ్చింది దువోపే. బీయెల్ దాని కొమ్ములకి బూడిద రాసి దాని ముందు పాట కట్టి గెంతుతుంటే ఊరు ఊరంతా నవ్వింది.

దువోప్ కొడవలి కింద పెట్టాడు. కోసిన గడ్డి మోపు కట్టాడు. మళ్ళీ విప్పి మళ్ళీ కట్టాడు.

"మంచి పేరే," అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం పళ్ళెం దగ్గరికి పోలేదు. కడుపు బాగాలేదన్నాడు. న్యారువాచ్ గురించే ఆలోచిస్తున్నాడు. పిల్ల పోయింది మందుల్లేక, నిర్వాసితుల శిబిరానికి రావాల్సిన మందుల లారీ రాక. ఆ సంగతి అందరికీ తెలుసు, దువోప్‌కీ తెలుసు. తెలిసినా మనసు ఊరుకోదే! నాలుగు నెలలు లామ్ చెయ్యీ తన చెయ్యీ ఒకే పళ్ళెంలో తగిలాయి, ఐదో నెల రాకముందే పిల్ల పోయింది. ఎముక జబ్బే పిల్లని తీసుకుపోయిందని ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఎవరితోనన్నా చెప్పుకుందామంటే అడకత్తెరలో పోకచెక్క బతుకు. చెబితే బిదోంగ్ చెవిన పడుతుంది. తండ్రిని చంపినవాడు కళ్ళముందు తిరుగుతుంటే ఊరుకున్న కొడుకుని ఆ జాతిలో ఆడపిల్లలు పాట కట్టి ఏడిపిస్తారు. బిదోంగ్ లామ్‌ని పొడుస్తాడు. లామ్ మనుషులు బిదోంగ్‌ని పొడుస్తారు. ఆ తర్వాత కంటైనర్ తాళాలు తీయడానికి తాళంచెవుల కోసం ఎవరూ ఆగరు. ఏటి అవతలి శిబిరం అలాగే ఒక్క పూటలో తగలబడింది. చెప్పకపోతే మాత్రం పళ్ళెం ముందు కూర్చోవాలి, తెలిసి తెలిసి తినాలి. అప్పుడు జబ్బు తనకొక్కడికే వచ్చినా బాగుండును. అటు లామ్‌కి ముగ్గురు పిల్లలు, ఇటు తనకి మిగిలింది బిదోంగ్. అందుకని దువోప్ నోరు మూసుకున్నాడు, రెండు విధాలుగానూ.

మర్నాడు మేజర్ దగ్గరికి వెళ్ళాడు.

"సార్, నన్ను ఇంకో పళ్ళెంలోకి మార్చండి."

"ఎందుకు?"

"ఊరికే సార్."

"ఊరికే మార్చడానికి ఇది పెళ్ళి భోజనమనుకున్నావా? నాలుగూ నాలుగూ లెక్క, పేర్లు జుబాకి వెళ్ళిపోయినయ్. అక్కడ చదువుకుని ఎవరో ఫైల్లో పెట్టుకున్నారు."

"పోనీ, నాకొక గిన్నె ఇప్పించండి. డ్రమ్ములోంచి నా వంతు నేనే తీసుకుంటా."

మేజర్ గొంతు తగ్గించాడు. "పెద్దాయనా, వేరే గిన్నె అన్నావంటే వేరే పార్టీ అంటారు. పైగా గిన్నెలు కొనే డబ్బులొస్తే ముందు నా బూట్లు కొనుక్కుంటా." మేజర్ కాళ్ళకి నిజంగానే రబ్బరు చెప్పులున్నాయి.

"సార్, ఇద్దరి మధ్యా ఎముక ఉంటే ఏం చెయ్యాలో ఒప్పందంలో రాశారా?"

"ఎముకా? అందులో సైన్యం ఉంది, ఎన్నికలున్నయ్, చమురు బావులున్నయ్. ఎముక కనపళ్ళేదు. ఎవరిద్దరి మధ్య?"

"ఎవరూ లేర్సార్. ఊరికే అడిగా."

అప్పట్నుంచి దువోప్ ఒక్కడే అయిపోయాడు. అన్నం వేళకి కట్టెలకని వెళ్ళిపోయేవాడు. రాలిన గారకాయలు చీకేవాడు, మడుగులో కలువ దుంపలు తవ్వుకునేవాడు, ఒక్కోరోజు చేప పడేది. నీళ్ళు బుర్రతో కాకుండా దోసిలితో ఏట్లోనే తాగేవాడు. డొక్కలు ఎండిపోయాయి. పళ్ళెం దగ్గరివాళ్ళు మొదట నవ్వారు. "ముసలాడు ఉపాసాలు పట్టాడురోయ్, పాస్టర్ ఉద్యోగానికి ఎసరు పెట్టాడు," అన్నారు. తర్వాత నవ్వడం మానేశారు, ఆ తర్వాత పిలవడమూ మానేశారు. లామ్ మాత్రం మానలేదు. "మా చేతులు కంపుకొడుతున్నయ్యా అన్నా?" అని ఒకరోజు, "నేనేమన్నా అన్నానా? అనుంటే కొట్టు, పడతా," అని ఇంకోరోజు. తన వంతులోంచి కాస్త ఆకులో కట్టి దువోప్ దుప్పటి దగ్గర పెట్టేవాడు. దువోప్ దాన్ని పట్టుకెళ్ళి పిట్టలకి వేసేవాడు. ఆకలితో ఉన్నవాడు అన్నం పిట్టలకి వేయడం ఎంత కష్టమో వేసినవాడికే తెలుస్తుంది. దానికన్నా కష్టం ఇంకోటుంది. లామ్ మీద కోపం తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా రాలేదు. బీయెల్‌ని తలుచుకునేవాడు, మండేది. పక్కకి తిరిగి చూస్తే అక్కడ లామ్ ఉండేవాడు.

వానలు వెళ్ళాక ఉన్నట్టుండి తేదీ ఖాయమైంది. దళానికి పట్టాలిచ్చి పంపేస్తారట, డబ్బిచ్చే దేశాల పెద్దలు హెలికాప్టర్‌లో వస్తారట. యూనిఫారాలు వచ్చాయి, ఒకటే కొలత, పొడుగాటి వాళ్ళకి మోకాళ్ళ దాకా, పొట్టివాళ్ళకి నేల దాకా. మేజర్‌కి బూట్లు కూడా వచ్చాయి. వచ్చినవాళ్ళకి శాంతి కనిపించాలి కదా అని ఆయన ఒక ఏర్పాటు చేశాడు. వేదిక ముందు ఒక పళ్ళెం నిండా ఎద్దు మాంసం పెట్టి, ఈ పక్షం మనిషొకడు, ఆ పక్షం మనిషొకడు ఒకరికొకరు తినిపించుకోవాలి, ఫొటోలు తీస్తారు. ఎవరా ఇద్దరు? శిబిరంలో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. కూతురు పోయిన శత్రువుకి నాలుగు రోజులు ముద్దలు పెట్టిన లామ్, ఆ ముద్దలు తిన్న దువోప్. పేర్లు అప్పటికప్పుడు మైకులో పిలిచాడు.

దువోప్ కాళ్ళు వాటంతటవే నడిచాయి. కొత్త బట్టల్లో ఆరు వందలమంది చూస్తున్నారు. మూడో వరసలో బిదోంగ్ గర్వంగా నవ్వుతున్నాడు. లామ్ అప్పటికే పళ్ళెం ముందు గొంతుక్కూర్చుని మాంసం ముక్క తీసి, "రా అన్నా, ఇప్పుడెక్కడికి పారిపోతావో చూస్తా," అన్నాడు. తింటే ఇద్దరి ఇళ్ళూ పోతాయి. తినను అంటే ఎందుకని అడుగుతారు, అడిగేవాళ్ళలో బిదోంగ్ ముందుంటాడు.

"నాకు రక్తం పడే దగ్గుంది సార్," అన్నాడు దువోప్ గట్టిగా. "ఆర్నెల్ల నుంచి దాస్తున్నా. అందుకే పళ్ళెం దగ్గరికి రావట్లా."

ముందు వరస వెనక్కి తగ్గింది, దాని వెనక వరస ఇంకాస్త తగ్గింది. ఆ డొక్కలు చూసి నమ్మనివాడు లేడు. పరీక్ష చేసే మిషను శిబిరంలో లేదు, ఉన్నా చూసే మనిషి లేడు. మేజర్ ఇంకో ఇద్దర్ని పిలిచాడు, ఫొటోలు తీశారు, హెలికాప్టర్ పెద్దలు చప్పట్లు కొట్టారు. ఈలోగా గుమాస్తా ఒకడు వచ్చి దూరంగా నిలబడి, యూనిఫారం విప్పి అక్కడ పెట్టి వెళ్ళమన్నాడు, పేరు కొట్టేశామన్నాడు. ఏడాదిన్నర కర్ర మోసిన కొలువు అలా పూర్తయింది.

గేటు దాటి వంద అడుగులు నడిచాడు. దువోప్ తన పాత లుంగీతో గారచెట్టు కింద కూర్చున్నాడు. కాసేపటికి లామ్ వచ్చాడు, ఒంటి మీద కొత్త యూనిఫారం, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో మాంసం.

"దగ్గరికి రాకు," అన్నాడు దువోప్.

"దగ్గయితే నాకూ రానీ. ఏం, నీదేమన్నా రాజుగారి దగ్గా?" లామ్ ఎదురుగా కూర్చుని పళ్ళెం మధ్యన పెట్టాడు. "అన్నా, రోజూ నీ పక్కన పడుకున్నోణ్ణి. ఆర్నెల్లలో ఒక్కసారి దగ్గావా నువ్వు? ఊళ్ళోవాళ్ళకి చెప్పు ఆ కథ. నేనొకటి అడుగుతా, నిజం చెప్పు. మన మధ్య ఎముక ఉందా?"

"లేదు."

"లేదుగా. అయితే తిను." లామ్ ఒక ముక్క చేత్తో పట్టుకున్నాడు. "నువ్వు తింటేనే నేనూ తింటా."

మాంసం వాసనకి దువోప్ నోట్లో నీళ్ళూరాయి. తనకే సిగ్గేసింది. ఇంక అబద్ధాలేం మిగల్లేదు.

"లుథ్‌రియాల్," అన్నాడు. "ఆ ఎద్దు నేనిచ్చిందేరా. మా తమ్ముడికి."

లామ్ చేతిలోంచి ముక్క ఇసకలో పడింది. పళ్ళేన్ని వదిలేసి కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెనక్కి జరిగాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"గడ్డి కోసిన రోజు నుంచి."

"తెలిసి నా పక్కన పడుకున్నావా?"

"ఇంకో గుడారం ఎక్కడ ఏడ్చింది?"

లామ్ నవ్వబోయి ఏడ్చాడు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. "న్యారువాచ్ పోయినప్పుడు నీ నోట్లో ముద్ద పెట్టింది నేనే కదన్నా. ఈ చేత్తోనే."

"ఆ చేత్తోనే. నువ్వు పెట్టకపోతే నేనూ పోయేవాణ్ణి," అన్నాడు దువోప్. "అదీ మర్చిపోలేదు, ఇదీ మర్చిపోలేను. ఏం చెయ్యమంటావు నన్ను?"

"ఆవులిస్తా. జీతం రానీ, ఒక్కోటీ కొని ఇస్తా. పెద్దని పిలిపిద్దాం, ఎముక తీయిద్దాం."

"ఆవులొస్తే ఎందుకొచ్చాయని మొట్టమొదట అడిగేది బిదోంగే. నువ్వివ్వొద్దు. నీ పిల్లల్ని చూసుకో. వాడూ నువ్వూ ఒకే దళంలో ఉంటారు. వాడికి తెలియకూడదు, నేను చచ్చినా తెలియకూడదు."

అప్పుడే గేటు దగ్గర కేక వినిపించింది, "పెదనాన్నా!" అని. బిదోంగ్ వరస వదిలేసి పరుగెత్తుకొస్తున్నాడు. దువోప్ లేచి నిలబడ్డాడు. "పోరా లామ్, ఆపు వాణ్ణి. వాడొచ్చాడంటే నేను దాచుకోలేను."

లామ్ కళ్ళు తుడుచుకుంటూ పరుగెత్తాడు. సగం దారిలో బిదోంగ్‌కి ఎదురుపడి రెండు చేతులతో వాటేసి పట్టుకున్నాడు. "పోకురా అబ్బాయ్, దగ్గరకెళ్ళకు, అది అంటుకునే రోగం!" అని శిబిరమంతా వినపడేలా అరిచాడు. కుర్రాడు గింజుకున్నాడు, తిట్టాడు, చివరికి ఆ మనిషి భుజం మీదే తల పెట్టి ఏడ్చాడు. లామ్ వాడి వీపు నిమిరాడు.

అక్కణ్ణుంచే బిదోంగ్ చెయ్యెత్తి ఊపాడు. దువోప్ ఎత్తలేదు, ఎత్తితే వాడు విడిపించుకుని వస్తాడని. ఇటు తిరిగి నడవడం మొదలుపెట్టాడు.